‘బ్లడ్‌చైల్డ్’: మగవాడి కాన్పు కథను ఒక ప్రసూతి నర్సు చదివితే

మగవాడు గర్భం మోయడం అనగానే చాలా కథలు నవ్వించడానికి సిద్ధమైపోతాయి. ఉబ్బిన పొట్ట, వేవిళ్లు, చుట్టూ చేరినవాళ్ల వెక్కిరింతలు, అంతే. అమెరికన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ రాసిన ‘బ్లడ్‌చైల్డ్’ కథలో అలాంటి నవ్వు ఒక్క వాక్యంలోనూ లేదు. ఒక అబ్బాయి శరీరంలో మరో జాతి పిల్లలు పెరగాలంటే అతనిని ఎవరు అడగాలి, ఎలా అడగాలి, అతను ఏమేం తెలుసుకుని ఒప్పుకోవాలి? ఈ ప్రశ్నలను పట్టుకున్న కథ చివరిదాకా వాటిని వదలదు. 1984 జూన్‌లో ‘అసిమోవ్స్’ సైన్స్ ఫిక్షన్ పత్రికలో మొదట అచ్చయింది. ఆ రంగంలో అందరూ గౌరవించే హ్యూగో, నెబ్యులా పురస్కారాలు రెండూ దీనికి దక్కాయి. 1995లో ఇదే పేరుతో కథల సంపుటి వెలువడింది. నా దగ్గర ఉన్నది 2005లో మరో రెండు కథలు చేర్చి వేసిన ముద్రణ. సంపుటి మొత్తం గురించీ చెబుతాను గానీ, నా మనసంతా ఈ మొదటి కథ దగ్గరే ఉంది.

నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ భాగం కాన్పు గదిలోనే గడిచింది. ఇప్పుడు నర్సింగ్ విద్యార్థులకు ప్రసూతి పాఠాలు చెబుతున్నాను. అందువల్ల ఏ కథలో కాన్పు వచ్చినా నా చూపు కొన్ని చోట్లకే వెళుతుంది. నొప్పి తగ్గించడానికి ఏమిచ్చారు? పక్కన ఎవరిని ఉండనిచ్చారు? జరగబోయేది ముందుగా చెప్పారా? రక్తం ఎంత పోయింది, దాన్ని ఎవరు గమనించారు? పెద్ద పెద్ద నవలలు కూడా ఇక్కడే తేలిపోతాయి. ఒక కేక, ఒక పసిబిడ్డ ఏడుపు, తర్వాతి అధ్యాయం. బట్లర్ అలా దాటేయలేదు. ఆమె సృష్టించింది ఎక్కడా లేని గ్రహం, ఎక్కడా లేని జాతి. అయినా అక్కడి కాన్పు గది నాకు తెలిసిన గదే.

కథ ఎలా ముగుస్తుందో చెప్పకుండా దీని గురించి మాట్లాడడం నాకు సాధ్యం కాదు. ముందే తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు కథ చదివి వచ్చి ఈ మిగతా భాగం చదవండి. గంటలోపే అయిపోతుంది.

తమను బానిసలుగా చేయాలనో చంపాలనో చూసిన సాటి మనుషుల నుంచి తప్పించుకుని కొందరు భూమిని వదిలి మరో గ్రహం చేరుకున్నారు. అక్కడ ట్లిక్ అనే జాతి ఉంది. మూడు మీటర్ల పొడవు, చాలా కాళ్లు, తోక చివర మత్తెక్కించే ముల్లు. ట్లిక్‌ల గుడ్లు మరో ప్రాణి ఒంట్లోనే ఎదగాలి. ఆ గ్రహం మీది జంతువులు ఆ గుడ్లను లోపలే చంపేస్తుండడంతో జాతి నశించే స్థితికి వచ్చింది. అప్పుడు వెచ్చటి రక్తం, తగినంత పెద్ద శరీరం ఉన్న మనుషులు దొరికారు. మొదట్లో పశువులను కట్టేసినట్టు కట్టేశారు. తర్వాత ఒక ఏర్పాటు కుదిరింది. మనుషులు రక్షిత ప్రాంతంలో కుటుంబాలుగా బతకవచ్చు. బదులుగా తమ పిల్లల్లో ఒకరిని ట్లిక్‌కు అప్పగించాలి. ట్లిక్‌లు సాధారణంగా మగవాళ్లనే ఎంచుకుంటారు, ఎందుకంటే మనుషుల పిల్లలను కనడానికి ఆడవాళ్లు మిగలాలి.

కథ చెప్పేది గాన్ అనే అబ్బాయి. అతనిని ఎంచుకున్నది టిగటోయ్. ఆమె ఆ రక్షిత ప్రాంతం మీద అధికారం ఉన్న ట్లిక్ నాయకురాలు, గాన్ తల్లి లియెన్‌కు పాత స్నేహితురాలు. గాన్ పసితనం నుంచీ ఆమె ఒడిలో పెరిగాడు. ఆమె అంటే అతనికి భయం లేదు, ఇష్టం ఉంది. వాళ్ల నాన్న కూడా ట్లిక్ గుడ్లు మోసినవాడే. ఈ పని గౌరవమైనదని, రెండు జాతులూ కలిసి చేసే మంచి పని అని, ఒక రకమైన పుట్టుక అని అతనికి చిన్ననాటి నుంచీ చెప్పారు. బొమ్మలు చూపించారు. అతను నమ్మాడు.

ఆ రాత్రి లోమాస్ అనే మనిషి వాళ్ల ఇంటి దగ్గర పడిపోతాడు. అతని ఒంట్లో గుడ్లు పొదిగాయి, లోపల పురుగులు కదులుతున్నాయి. అతని ట్లిక్ దగ్గర్లో లేదు. పురుగులను వెంటనే బయటికి తీయకపోతే అవి అతనిని తినేస్తాయి. టిగటోయ్ ఆ పనికి పూనుకుంటుంది. పక్కన సాయానికి ఉన్నది గాన్ ఒక్కడే. పురుగులను వేయడానికి ఒక జంతువును చంపి తెమ్మంటే, ఇంట్లో దాచిన నిషిద్ధ తుపాకీతో చంపి తెస్తాడు. తర్వాత ఆమె తన గోటితో లోమాస్ పొట్ట చీలుస్తుంది. లోమాస్‌కు స్పృహ ఉంది. అరుస్తాడు. తన ట్లిక్ పేరు పిలుస్తాడు. టిగటోయ్ నెత్తుటితో తడిసిన పురుగును బయటికి తీసి జంతువు కళేబరంలో వేస్తుంది, మళ్లీ వెతుకుతుంది. గాన్‌కు తాను వైద్యానికి సాయపడుతున్నట్టు అనిపించదు, హింసకు సాయపడుతున్నట్టు అనిపిస్తుంది. బయటికి వెళ్లి వాంతి చేసుకుంటాడు.

ఈ దృశ్యం గురించి చెప్పేవాళ్లు ఎక్కువగా పురుగుల గురించే చెబుతారు. నాకు పురుగులు పెద్ద విషయం కాదు. టిగటోయ్ చేతుల గురించి చెప్పాలి. ఆమె పని క్షుణ్ణంగా వచ్చిన మనిషి చేసే తీరులో చేస్తుంది. తొందర లేదు, తడబాటు లేదు. రోగి మీద ద్వేషం లేదు. అయితే ఆ క్షణంలో ఆమె మొదటి శ్రద్ధ పురుగుల మీద, రెండోది లోమాస్ మీద. బట్లర్ ఈ మాట ఎక్కడా విడమరిచి చెప్పలేదు, టిగటోయ్ సంతోషం ఎప్పుడు పైకి కనిపిస్తుందో చూపించింది, అంతే. బిడ్డ గుండె చప్పుడు వినడానికి అందరూ వంగి, తల్లి ముఖం వైపు ఒక్కరూ చూడని క్షణాలు కాన్పు గదిలో ఉంటాయి. మంచి మనసున్నవాళ్లు, పని వచ్చినవాళ్లు నిండిన గదిలో కూడా ఉంటాయి. ఆ క్షణంలో తల వైపు నిలబడి ఆమె కళ్లలోకి చూసే ఒక మనిషి ఉండాలని నేను విద్యార్థులకు ప్రతి సంవత్సరం చెబుతాను. ప్రసవ సమయంలో స్త్రీ కోరుకున్న తోడు ఒకరు పక్కన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో సిఫారసు చేసింది. లోమాస్‌కు అలాంటి తోడు లేదు. అతను పిలిచిన పేరు గల ట్లిక్ చివరికి వస్తుంది, వచ్చి పురుగుల గురించీ అడుగుతుంది, అతని గురించీ అడుగుతుంది. ఆ చిన్న వివరం దగ్గర నేను చాలాసేపు ఆగాను.

గాన్ ఆ రాత్రి కోల్పోయింది అమాయకత్వం అని చాలామంది రాశారు. నా లెక్కలో అతను కోల్పోయింది బొమ్మల మీద నమ్మకం. ఇది ప్రసూతి పాఠాలు చెప్పే నాకు నేరుగా తగిలింది. మా పాఠ్యపుస్తకాల్లో కూడా బొమ్మలే. గర్భాశయ ముఖం పది సెంటీమీటర్లు తెరుచుకోవడం చక్కటి వలయాలుగా గీసి ఉంటుంది. బిడ్డ తల తిరిగే క్రమం బాణం గుర్తులతో ఉంటుంది. నెత్తురు, చెమట, మలం, చినిగిన చర్మం, కుట్లు వేసేటప్పుడు తొడల వణుకు, ఇవేవీ ఆ బొమ్మల్లో ఉండవు. తొలిచూలు కాన్పు అయిన గంటకు, బిడ్డను పక్కన పడుకోబెట్టుకుని, “ఇది ఇలా ఉంటుందని నాకు ఎవరూ ఎందుకు చెప్పలేదు?” అని అడిగిన అమ్మాయిలు నాకు తెలుసు. వాళ్ల గొంతులో కోపం ఉండేది. తల్లులు చెప్పలేదు, అక్కలు చెప్పలేదు, వైద్యులు చెప్పలేదు. భయపడుతుందేమోనని చెప్పలేదు. ఆమె మేలు కోరే చెప్పలేదు.

బట్లర్ కథకు వెన్నెముక సరిగ్గా ఇదే. కథ చివర్లో టిగటోయ్ అంటుంది, మనుషులు ఇలాంటివి చూడకుండా కాపాడాలని. గాన్ ఒప్పుకోడు. కాపాడడం కాదు, చూపించాలి అంటాడు. చిన్నప్పుడే, ఒకటికి రెండుసార్లు చూపించాలి, సజావుగా జరిగే కాన్పును ఏ మనిషీ చూడడం లేదు అంటాడు. లోమాస్ కాన్పు సజావుగా జరిగింది కాదు. తన ట్లిక్ పక్కనే ఉండి, సమయానికి మత్తు ఇచ్చి చేసే కాన్పు వేరేగా ఉంటుంది. దాన్ని కూడా దాచిపెట్టడం వల్ల మిగిలేవి రెండే, అందమైన బొమ్మలు, భయానకమైన పుకార్లు. గాన్ అన్న క్వీ పరిస్థితి అదే. చిన్నప్పుడు ఒక మనిషి కాన్పులో చనిపోవడం దాక్కుని చూశాడు, ఆ తర్వాత పారిపోవడం తప్ప అతనికి మరో ఆలోచన లేదు. చూపించకపోవడం ఎవరినీ కాపాడలేదని ఇంత సూటిగా చెప్పిన కథ నేను మరొకటి చదవలేదు.

ఈ కథను నేను తరగతిలో చదివించాను. మగపిల్లలు, ఆడపిల్లలు కలిసి ఉన్న తరగతి. లోమాస్ పొట్ట చీల్చే చోట అబ్బాయిల్లో కొందరు పుస్తకం మూసేశారు. ఒకతను కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. ఆడపిల్లలు ఆ చోట పెద్దగా కదలలేదు. వాళ్లు ఆగిన చోటు వేరు. టిగటోయ్ వంటగదిలోకి వచ్చి, గుడ్లు ఈ రాత్రే పెట్టాలి, నువ్వు కాకపోతే మీ అక్క దగ్గరికి వెళతాను అన్నప్పుడు ముందు వరుసలోని ఒక అమ్మాయి తల పైకెత్తి, “ఇది అడగడం ఎలా అవుతుంది మేడమ్?” అంది. తరగతిలో ఆ తర్వాత జరిగిన చర్చ అంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగింది. అబ్బాయిలకు శరీరం తెరుచుకోవడం కొత్త. అమ్మాయిలకు ఆ రకంగా అడగడం కొత్త కాదు. రచయిత్రి ఒక అబ్బాయిని ఆ స్థానంలో నిలబెట్టడం వల్లే ఈ రెండు రకాల చదువరులూ ఒకే పేజీ మీద కలుసుకున్నారు.

ఆ వంటగది సన్నివేశాన్ని వదిలి ముందుకు పోలేను. గాన్ చీకట్లో తుపాకీ పట్టుకుని కూర్చుంటాడు. టిగటోయ్ వస్తుంది. అతను తుపాకీని ఆమె వైపు తిప్పడు, తన గొంతుకే ఆనించుకుంటాడు. మేము మీకు ఏమవుతాం అని అడుగుతాడు. ఆమె దగ్గర తేలికైన జవాబు లేదు. ఆమె గాన్ అక్క హోవా దగ్గరికి బయలుదేరితే అతను ఆపుతాడు, నేనే మోస్తాను అంటాడు. హోవాను కాపాడడానికి అన్నాడా? అవును. ఆ ఒక్క కారణమేనా? కాదు. టిగటోయ్‌ను మరొకరికి వదులుకోలేక కూడా అన్నాడు, ఆ మాట తానే ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక ఆమె తుపాకీ ఇచ్చేయమంటుంది. అతను ఇవ్వడు. మేము నీ పశువులం కానట్లయితే, నువ్వు మాతో పొత్తు పెట్టుకున్నట్లయితే, పొత్తులో ఉండే ప్రమాదం నువ్వు కూడా భరించాలి అంటాడు. ఆమెకు అది ఇష్టం లేదు, భయం కూడా. చివరికి తుపాకీని ఇంట్లోనే ఉండనిస్తుంది.

గర్భం గురించి రాసిన సైన్స్ ఫిక్షన్‌లో నాకు అన్నిటికన్నా విలువైన వాక్యాలు ఇక్కడే ఉన్నాయి. కాన్పులో ప్రమాదం అంతా ఒకరి వైపే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో గర్భం, కాన్పు కారణాల వల్ల దాదాపు 2,60,000 మంది స్త్రీలు చనిపోయారు. బిడ్డ కావాలని అడిగేవాళ్లు ఎంత ప్రేమతో అడిగినా ఆ లెక్కలో వాళ్ల పేరు చేరదు. గాన్ దాన్ని గుర్తించాడు. ప్రమాదాన్ని సమానం చేయలేడు, అతని శరీరమే తెరుచుకోవాలి. కానీ అడిగేవాళ్లు కూడా కొంత భయంతో నిద్రపోవాలని పట్టుబట్టాడు. శస్త్రచికిత్స అంగీకార పత్రం పడుకున్న మనిషి మీదుగా చేయి చాచి పక్కన నిలబడ్డ మరొకరి చేత సంతకం పెట్టించుకోవడం చూసినవాళ్లకు ఈ పట్టుదల ఎంత పెద్దదో అర్థమవుతుంది.

బట్లర్ ఈ కథకు ఒక వెనుకమాట రాసింది. ఇది బానిసత్వం గురించిన కథ అని కొందరు అనుకోవడం తనను ఆశ్చర్యపరిచిందని, తన దృష్టిలో ఇది రెండు వేర్వేరు జీవుల మధ్య ప్రేమకథ అని, ఒక అబ్బాయి పెద్దవాడయ్యే కథ అని, మగవాడు గర్భం మోసే కథ రాయాలని తాను ఎప్పటి నుంచో అనుకున్నానని అంటుంది. ఒత్తిడి వల్ల కాకుండా ప్రేమతో ఆ పనికి ఒప్పుకునే మగవాడిని రాయగలనా అని చూసుకుందట. అమెజాన్ అడవులకు ప్రయాణం పెట్టుకున్నప్పుడు మనిషి చర్మం కింద పిల్లలను పెంచే బాట్‌ఫ్లై అనే ఈగ తనను ఎంత భయపెట్టిందో, ఆ భయాన్ని తీర్చుకోవడానికి కథ ఎలా పనికొచ్చిందో కూడా చెబుతుంది. రచయిత్రి మాటను గౌరవిస్తాను. అయినా ఆమెతో పూర్తిగా ఏకీభవించలేను. గాన్ ప్రేమ నిజం. అతని ముందున్న దారులు రెండే అన్నదీ నిజం. తనవాళ్లను ప్రాణంగా ప్రేమిస్తూనే ఆ గర్భం విషయంలో తన మాటకు చోటు దొరకని స్త్రీలకు నేను పురుడు పోశాను. ప్రేమ ఉంది కాబట్టి బలవంతం లేదని గానీ, బలవంతం ఉంది కాబట్టి ప్రేమ అబద్ధమని గానీ వాళ్ల ముఖం చూసి ఎవరూ చెప్పలేరు. రచయిత్రి వెనుకమాట కన్నా ఆమె కథే ఈ విషయంలో ఎక్కువ తెలిసినది.

లోమాస్ నరాల్లోంచి తాగి బతికే పురుగులు చూసి అసహ్యపడినవాళ్లకు నేను పాఠంలో చెప్పే ఒక సంగతి చెప్పాలి. మాయకు చెందిన కణాలు గర్భాశయం గోడలోకి చొచ్చుకుపోయి తల్లి రక్తనాళాల రూపాన్నే మార్చేస్తాయి, రక్తం ధారాళంగా రావడానికి వాటిని వెడల్పు చేస్తాయి. నెలలు నిండేసరికి తల్లి ఒంట్లో రక్త పరిమాణం దాదాపు సగం పెరుగుతుంది. బిడ్డ కణాలు తల్లి రక్తంలోకి చేరి అక్కడే ఉండిపోతాయి. మగబిడ్డను కన్న ఒక స్త్రీ రక్తంలో 27 సంవత్సరాల తర్వాత కూడా ఆ మగ కణాలు కనిపించాయని 1996లో పరిశోధకులు ప్రకటించారు. ఇది విన్నాక విద్యార్థులు బట్లర్ కథను మరో కంటితో చదువుతారు. ఆమె కల్పన ప్రకృతికి దూరంగా పోలేదు, మన దగ్గర అలవాటైపోయి కనిపించకుండా పోయిన దాన్ని మరో శరీరంలో పెట్టింది.

గర్భాన్ని ఆడవాళ్ల శరీరం నుంచి వేరుచేసి చూసిన కథలు ఇంకా చాలా ఉన్నాయి. ఉర్సులా లెగ్విన్ 1969 నవల ‘ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్’లో ఎవరైనా తల్లి కావచ్చు, ఎవరైనా తండ్రి కావచ్చు, రాజు సైతం గర్భవతి అవుతాడు. ఎవరికైనా రాగల బరువు కాబట్టి ఎవరూ పూర్తిగా కట్టుబడిపోరన్న ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కానీ ఆ రాజు నొప్పులు పడడం మనం చూడం. ముఖ్యపాత్రను తల్లిగా, పిల్లలతో చూపించలేకపోయానని లెగ్విన్ తన 1976 వ్యాసంలో తానే రాసుకుంది. అదే 1976లో మార్జ్ పియర్సీ రాసిన ‘విమన్ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ టైమ్’లో పిల్లలు యంత్రంలో పెరుగుతారు, ఒక్కో బిడ్డకు ముగ్గురు తల్లులు, మగవాళ్లు కూడా పాలిస్తారు. లోయిస్ మెక్‌మాస్టర్ బుజోల్డ్ 1986 నవల ‘ఈథన్ ఆఫ్ ఏథోస్’లో ఆడవాళ్లే లేని గ్రహం ఉంది. అక్కడ తండ్రి కావాలంటే సామాజిక సేవతో అర్హత సంపాదించుకోవాలి. పిల్లల పెంపకం ఎంత శ్రమో లెక్కగట్టి మరీ చూపిస్తారు. మిగతా లోకాల్లో ఆ శ్రమ ఏ లెక్కలోకీ రాకుండా స్త్రీలు చేస్తున్నారన్న ఎరుక ఆ నవలలో మెల్లగా వచ్చి తగులుతుంది. ఈ మూడూ చదవదగినవే. పెంపకం గురించి అవి బట్లర్ కన్నా ఎక్కువ చెబుతాయి. శరీరం గురించి మాత్రం బట్లర్ ఒక్కతే నోరు విప్పింది.

యంత్ర గర్భాల మీద నాకున్న అసంతృప్తి కూడా అదే. గర్భాశయం బయట బిడ్డను పెంచడం అన్న ఊహ కొత్తది కాదు. శాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1923లోనే ఉపన్యాసంలో చెప్పాడు. 2017లో ఫిలడెల్ఫియా వైద్యులు నెలలు నిండని గొర్రెపిల్లలను ద్రవం నింపిన సంచిలో నాలుగు వారాల వరకూ పెంచి చూపించారు. నెలలు చాలని శిశువుల గదిలో పనిచేసినవాళ్లెవరైనా ఆ వార్తకు సంతోషిస్తారు, నేనూ సంతోషించాను. అయితే కథల్లో యంత్రం రాగానే నొప్పి, భయం, అంగీకారం అన్న చిక్కులన్నీ ఒక్క మీటతో మాయమవుతాయి. చిక్కు తీరింది కాబట్టి స్త్రీపురుషుల మధ్య సమానత్వం వచ్చేసిందంటారు. బట్లర్ చిక్కును తీయలేదు, దాన్ని మోసే మనిషిని మార్చింది.

మన పురాణాల్లోనూ గర్భం దాల్చిన రాజు ఉన్నాడు. సంతానం కోసం యజ్ఞం చేయించిన యువనాశ్వుడు, రాణి తాగవలసిన మంత్రజలాన్ని రాత్రి దాహంతో తానే తాగేస్తాడు. నూరేళ్ల తర్వాత అతని ఎడమ పక్క చీల్చుకుని మాంధాత పుడతాడు. పాలు ఎవరిస్తారన్న ప్రశ్న వస్తే ఇంద్రుడు తన వేలు అందిస్తాడు. భారతంలో ఈ కథ ధర్మరాజుకు చెప్పేది రోమశుడు, లోమశుడని కూడా అంటారు. బట్లర్ కథలో పొట్ట చీలిన మనిషి పేరు లోమాస్ కావడం కేవలం కాకతాళీయమే అయినా చదువుతుంటే ఒళ్లు జలదరించింది. యువనాశ్వుడి కథలో బిడ్డ ఆకలికి జవాబు దొరికింది. చీలిన పక్క గురించి, రాజు ప్రాణం నిలిచిందన్న మాట తప్ప పెద్దగా ఏమీ వినిపించదు. ఆ చీలిన పక్కను కథంతా చూస్తూ ఉండడమే బట్లర్ చేసిన పని.

సంపుటిలో మిగతావి త్వరగా చెబుతాను. ‘స్పీచ్ సౌండ్స్’ గొప్ప కథ. మాట, చదువు పోగొట్టే జబ్బు వచ్చిన లోకంలో ఒక స్త్రీ ప్రయాణం. ‘ది ఈవెనింగ్ అండ్ ది మార్నింగ్ అండ్ ది నైట్’ వంశపారంపర్యంగా వచ్చే భయంకరమైన వ్యాధి గురించి. పిల్లలను కనవచ్చా అన్న ప్రశ్న అందులోనూ ఉంది, రోగుల సంరక్షణ గురించి నర్సులు తప్పక చదవాలి. ‘నియర్ ఆఫ్ కిన్’, ‘క్రాసోవర్’ చిన్నవి, నాకు అంతగా ఎక్కలేదు. రచన గురించి ఉన్న రెండు వ్యాసాలు సూటిగా, ఉపయోగకరంగా ఉన్నాయి. భాష విషయంలో బెంగ అక్కర్లేదు. బట్లర్ వాక్యాలు చిన్నవి, మాటలు తేలికైనవి, డిగ్రీ చదివే పిల్లలు నిఘంటువు అవసరం లేకుండా చదివారు. ఒక్క హెచ్చరిక. కాన్పు దగ్గరపడినవాళ్లు ‘బ్లడ్‌చైల్డ్’ను ఇప్పుడే చదవకండి. గాన్ చెప్పినట్టు చూపించాల్సిందే, కానీ లోమాస్‌తో మొదలుపెట్టి కాదు. ముందు సజావుగా జరిగిన కాన్పుల గురించి వినండి, మీ వైద్యులను, నర్సులను అడగవలసినవన్నీ అడగండి. మీ భర్తలు మాత్రం ఈ కథను కాన్పుకు ముందే చదవాలి.

ఇంత మెచ్చుకున్న కథలో నాకు తీరని లోటు ఒకటి ఉంది. అది హోవా. గాన్ కన్నా ముందు, ఏ భయమూ లేకుండా, నేను మోస్తాను అనగలిగిన మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే. గాన్ ఆలోచన చూడండి. హోవాకు ఇది తేలిక, జీవితమంతా తన ఒంట్లో వేరే ప్రాణాలు మోయాలనే ఆమె అనుకుంటూ పెరిగింది కదా అనుకుంటాడు. మగవాడి గర్భాన్ని ఇంత కొత్తగా చూసిన కథ, ఆడపిల్ల గర్భం దగ్గరికి వచ్చేసరికి అది సహజం, అది తేలిక అన్న పాత మాట దగ్గరే ఆగింది. ఆ ఊహ గాన్‌ది, రచయిత్రిది కాకపోవచ్చు. అయినా కథలో దానికి ఎదురుమాట ఎక్కడా లేదు. ఆ గ్రహం మీద మనుషుల ఆడవాళ్లు కంటూనే ఉన్నారు. లియెన్ ఇంతమంది పిల్లలను కన్నది. ఆ కాన్పుల్లో ఒక్కదాని గురించి ఒక్క వాక్యం లేదు. వాళ్ల నొప్పికి ట్లిక్ ముల్లు దొరికేదా? వాళ్ల పక్కన ఎవరు ఉండేవారు? లోమాస్ కేకలు విని గాన్ జీవితం మారిపోయింది, ఆ ప్రాంతంలో పిల్లలు పుట్టిన రాత్రుల్లో తల్లుల కేకలు అతను విన్నాడా? హోవా విన్నదా? హోవా కాన్పులు చూసే పెరిగిందేమో, అందుకే భయపడలేదేమో, లేక ఆమెకు కూడా బొమ్మలే చూపించారేమో. గాన్ తన తరఫున నిర్ణయం తీసుకున్న ఆ రాత్రి ఆమె గదిలో పడుకునే ఉంది, ఎవరూ వచ్చి లేపలేదు. ఆమె నోట ఈ కథ వినాలని నాకు ఎంతో ఉంది.